‘టూ’కి నానార్థాలు

జూన్ 26, బుధవారం

ఎవరికైనా చెప్పుకుంటే ధైర్యం చెబుతున్నారు. ఆ ధైర్యాలు వినే ఓపిక లేక ఇందులో రాస్తున్నాను.

మా ఆయన రాజమండ్రిలో ఐసీయూలో ఉన్నారు. సోమవారం పొద్దున మా స్కూల్ గ్రౌండ్లో డ్రిల్ చేయిస్తూ పడిపోయారు. ఆయన పీఈటీ, నేను తెలుగు పంతులమ్మని. ఒకే హైస్కూల్లో పనిచేస్తూ కూడా నేను చూడలేదు. డ్రిల్ టైములో నేనెప్పుడూ స్టాఫ్ రూములో కూర్చుని టీ తాగుతాను. ఎనిమిదో తరగతి పిల్లలు పరుగెత్తుకొచ్చి చెప్పారు. "సార్ వన్ అన్నారండి. టూ అన్నారండి. కూలబడిపోయారండి."

నేను వెళ్ళేసరికి వెనక వరసల్లో పిల్లలు ఇంకా చేతులు పైకెత్తే ఉన్నారు. త్రీ అంటే గాని దించకూడదని ఆయన నేర్పారు.

మెదడులో ఎడమవైపు రక్తం గడ్డ అడ్డుపడిందట. కుడి చెయ్యి, కుడి కాలు కదలడం లేదు. మాట పడిపోయింది.

జూన్ 27, గురువారం

అలాగే ఉన్నారు.

జూన్ 29, శనివారం

మాటొచ్చింది.

వార్డులోకి మార్చాక చెంచాతో జావ పడుతుంటే నన్ను చూసి "టూ" అన్నారు. స్పష్టంగా అన్నారు. నేను గిన్నె కింద పెట్టేసి ఏడ్చాను. మా మరిది సత్తిరాజు నర్సుని పిలుచుకొచ్చాడు. ఆవిడ ముందు కూడా అన్నారు. సత్తిరాజు రావులపాలెం మార్కెట్లో అరటిగెలల వ్యాపారి, గొంతు తగ్గించడం వాడికి రాదు. వరండాలోకి వెళ్ళి ఊరంతటికీ ఫోన్ చేశాడు. "అన్నయ్య మాట్లాడేడు. ఇంకేం భయం లేదు."

ఇంకో రెండు చెంచాలు కావాలన్న మాట అనుకుని పట్టాను. మింగారు. ప్రభువా, నీకు స్తోత్రం.

జూలై 1, సోమవారం

రెండు చెంచాలు కాదు. నీళ్ళిచ్చినా టూ అంటున్నారు, దుప్పటి కప్పినా టూ అంటున్నారు. నంబర్ టూకి వెళ్ళాలేమోనని నర్సు బెడ్‌పాన్ పెట్టింది. ఆయన నా వంక కోపంగా చూసి "టూ, టూ, టూ" అన్నారు. చిన్నప్పటి నుంచీ సిగ్గు ఎక్కువ మనిషికి.

"టూ టౌన్ పోలీస్ స్టేషన్లో ఏవన్నా కేసుందా వదినా?" అన్నాడు సత్తిరాజు. నోరు మూసుకోమన్నాను.

బండి సంగతి అయ్యుంటుంది. ఆయన టూ వీలర్ స్కూల్ షెడ్డులోనే ఉండిపోయింది. తాళం ఇచ్చి ఇంటికి తెప్పించి, ఫోటో తీయించి చూపించాను. చూసి "టూ" అన్నారు, ఈసారి మెల్లగా. అదే.

జూలై 2, మంగళవారం

అది కాదు.

జూలై 4, గురువారం

ఈ రోజు దొరికింది.

పడిపోయిన రోజు పొద్దున గుమ్మం దగ్గర నేను, "వచ్చేటప్పుడు మ్యాచింగ్ సెంటర్లో టూ బై టూ ముక్క తెండి, వంకాయ రంగు" అన్నాను. "నాకు రంగులు తెలీవు, నన్ను చంపకు" అన్నారు. ఆయన నాతో అన్న ఆఖరి వాక్యం అది. కర్త, కర్మ, క్రియ అన్నీ ఉన్న వాక్యం. ఆ జాకెట్టు ముక్క సంగతి మనసులో ఉండిపోయి ఇన్ని రోజులుగా చెబుతున్నారన్నమాట. సత్తిరాజు చేత తెప్పించి చేతిలో పెట్టాను. ఎడమచేత్తో నలిపి, దాంతో మూతి తుడుచుకున్నారు.

ఏళ్ళ తరబడి పిల్లలకు నానార్థాలు చెబుతున్నాను. హరి అంటే విష్ణువు, సింహం, కోతి, కప్ప. పిల్లలు నవ్వేవాళ్ళు. ఒక్క మాటకు ఇన్ని అర్థాలుంటే ఎదుటివాడికి ఎలా తెలుస్తుంది టీచర్ అని అడిగేవాళ్ళు. సందర్భాన్ని బట్టి తెలుస్తుంది, కూర్చోండి అనేదాన్ని.

ఇక్కడ సందర్భం ఒకటే. మంచం, కిటికీ, నేను.

జూలై 6, శనివారం

ఇంటికి తీసుకొచ్చాం. జొన్నాడ వంతెన దాటాక గాలి మారింది, ఆయన ముఖం కూడా కాస్త మారినట్టనిపించింది.

అత్తయ్యగారు వాకిట్లోనే కూర్చుని ఉన్నారు. ఆవిడకు చెవులు సరిగా వినపడవు. కొడుకు చెంపలు నిమిరి ముద్దు పెట్టుకోబోతే ఆయన "టూ" అన్నారు. ఆవిడ వెనక్కి జరిగారు.

"కన్నతల్లిని పట్టుకుని థూ అంటాడేంటే వీడు?"

"థూ కాదు అత్తయ్యగారూ, టూ. ఇంగ్లీషు మాట."

"ఏ భాషలో ఊస్తే ఏంటి," అని ఆవిడ వంటింట్లోకి వెళ్ళి గోడవైపు తిరిగి కూర్చున్నారు.

నవ్వొచ్చేసింది. ఆపుకోలేక గడప మీద కూర్చుని నవ్వాను. ఆయన కూడా నవ్వారు, మూతి ఒక పక్కకే వెళ్ళింది. అర్థమై నవ్వారో, నేను నవ్వుతున్నానని నవ్వారో తెలియలేదు.

జూలై 7, ఆదివారం

ఆరాధన అయ్యాక సంఘం వాళ్ళు వచ్చారు. సంపూర్ణమ్మగారు మంచం పక్కన కూర్చుని, ఆయన టూ అనగానే కళ్ళు మూసుకుని, "మాస్టారు ప్రభువు రెండో రాకడ గురించి చెబుతున్నారు" అన్నారు. ఒకరిద్దరు పెద్దలు తలలు వంచారు. మా పాస్టర్‌గారు మర్యాదస్తులు, ఔననలేదు, కాదనలేదు. ప్రార్థనలో మాత్రం, మోషేకి నోరుగా ఆరోనుని ఇచ్చిన దేవుడు ఈ ఆరోనుకి నోరివ్వలేడా అన్నారు. ఆ మాటకు నాకు దుఃఖం వచ్చింది. ఆరోన్ అని పేరు పెట్టిన మా మామగారికి ఇదంతా తెలియకుండా పోవడమే మంచిదైంది.

ఆమెన్ దగ్గర ఆయన "టూ" అన్నారు. అందరూ హల్లెలూయ అన్నారు.

"ఆయన అన్నవన్నీ రాసుకో ఆశాజ్యోతీ," అన్నారు సంపూర్ణమ్మగారు వెళ్తూ. రాసుకోవడానికి ఏముంది కనక.

జూలై 8, సోమవారం

"ఏంటండీ?" టూ. "మంచినీళ్ళా?" టూ. "ఫ్యాన్ ఆపనా?" టూ. "అత్తయ్యగారిని పిలవనా?" టూ. "నేనా?" టూ.

జూలై 10, బుధవారం

రాజమండ్రి నుంచి స్పీచ్ థెరపీ అమ్మాయి వచ్చింది. దుర్గాశ్రీ అట, చూస్తే మా పదో తరగతి పిల్లలా ఉంది. వచ్చీ రాగానే చెప్పింది.

"టూకి అర్థం వెతక్కండి మేడం. ఆయన మనసులో మాటలున్నాయి. నోటిదాకా వచ్చేసరికి ఏదైనా టూ అయిపోతోంది. నీళ్ళన్నా టూనే, మీ పేరన్నా టూనే."

"టూ అంటున్నానని ఆయనకు తెలుసా?"

"కొందరికి తెలుస్తుందండి. కొందరు సరిగ్గానే మాట్లాడేశామనుకుంటారు."

"టూనే ఎందుకు పట్టుకుంది?"

"చెప్పలేమండి. ఆ టైములో నోట్లో ఉన్న మాట అయ్యుండొచ్చు."

తర్వాత టిక్కు ఉన్న కార్డు, ఇంటూ ఉన్న కార్డు ఆయన ముందు పెట్టింది. "మీ పేరు రమేష్ బాబా?" అని అడిగింది. ఆయన టిక్కు మీద వేలు పెట్టారు. "మీ పేరు ఆరోనా?" అంది. మళ్ళీ టిక్కు. తల ఊపడమూ అంతే, అన్నిటికీ నిలువుగానే. అవునూ కాదూ కూడా కలిసిపోయాయట. విడిపోవడానికి టైము పడుతుందట.

రోజూ ఆయనతో పాటు పాటలాగా వన్ టూ త్రీ లెక్కపెట్టమంది. వన్ వస్తే త్రీ వస్తుంది, అలా దారి పడుతుంది అంది. లెక్కపెట్టాం. నేను వన్ నుంచి టెన్ దాకా, ఆయన టూ నుంచి టూ దాకా. కానీ నా గొంతు ఎత్తిన చోట ఎత్తారు, దించిన చోట దించారు. గ్రౌండ్లో గొంతు అదే.

అర్థం లేదంటే నేను నమ్మను. మనిషి అన్నాక ఊరికే అనడు.

జూలై 11, గురువారం

పెళ్ళైన కొత్తలో రాజమండ్రి కోటగుమ్మం దగ్గర వన్ బై టూ టీ తాగేవాళ్ళం. ఈ రోజు ఒక టీ పెట్టి రెండు గ్లాసుల్లో సగం సగం పోసి తెచ్చాను. తనది తాగి, నా గ్లాసు కూడా తీసుకుని తాగేశారు.

జూలై 13, శనివారం

చెకప్‌కి రాజమండ్రి వెళ్ళాం. మెడలో ఎడమ పక్క రక్తనాళం చాలావరకు పూడిపోయి ఉందట. మెడ కోసి శుభ్రం చేయాలన్నారు డాక్టరుగారు.

"చేయకపోతే సెకండ్ స్ట్రోక్ ఎప్పుడైనా రావచ్చమ్మా. అది వస్తే మనిషి దక్కడం కష్టం."

"చేస్తే?"

"చాలామంది బాగానే ఉంటారు. నూటికి నలుగురైదుగురికి చేసేటప్పుడే స్ట్రోక్ వస్తుంది. ఉన్న మాట కూడా పోవచ్చు."

"ఉన్నది ఒక మాటేనండి," అన్నాను. డాక్టరుగారు కాగితాల్లోకి చూశారు.

ఇంటికొచ్చాక కూడా సెకండ్ అనే మాట దగ్గరే ఆగిపోయాను. ఒకవేళ ఆయన చెబుతున్నది ఇదేనా. రెండోది వస్తుంది, చూసుకో అని.

ఆయనకు కత్తంటే భయం. పన్ను పీకించుకోమంటే ఏడాది పాటు దవడ పట్టుకుని తిరిగారు. మా మామగారు హెర్నియా ఆపరేషన్లో టేబుల్ మీదే పోయారు, ఆ భయం. మొన్న వేసవిలో మా హెడ్మాస్టారికి బైపాస్ జరిగితే చూసి వచ్చి, "నన్ను మాత్రం కోయనీకు ఆశా. ఎలా పోతే అలా పోతాను" అన్నారు. ఆరోగ్యంగా ఉన్న మనిషి అన్న మాటలవి. అప్పటి సంగతి వేరు.

నాకు ఆయన కావాలి. టూ అంటూనైనా సరే, నా కళ్ళ ముందు ఉండాలి.

జూలై 15, సోమవారం

"సంతకం పెట్టేయండి వదినా. డాక్టరుగారి కంటే మనకెక్కువ తెలుసా ఏంటి?" అంటున్నాడు సత్తిరాజు. వాడికి గెల కోయడం ఎంతో మెడ కోయడం అంత.

కాకినాడ హాస్టల్ నుంచి అమ్మాయి హెలెన్ ఫోన్ చేసింది.

"నాన్నని అడిగావా?"

"ఎలా అడుగుతానే? టూ అంటారు."

"అయినా అడుగమ్మా. కోసేది నాన్న మెడ, నీది కాదు. ఆయన సరేనంటే నాకూ సరే."

ఫోన్ పెట్టేశాను. ఆయన నోరు ఎక్కడికీ పోలేదు, దీనికి వచ్చింది.

జూలై 16, మంగళవారం

అడిగాను. "ఏవండీ, ఆపరేషన్ చేయించుకుందామా?" తల ఊపారు. "టూ." నాకు ప్రాణం లేచొచ్చింది. దుప్పటి సర్ది, "వద్దా?" అన్నాను. అలాగే తల ఊపారు. "టూ."

మెడ మీద వేలితో గీసి చూపించాను. ఆ చెయ్యి పట్టుకుని బుగ్గకు ఆనించుకున్నారు. ఇది అవునో కాదో ఏ నిఘంటువులో చూడను.

జూలై 18, గురువారం

తట్టింది. స్లిప్ టెస్టుకి బిట్లు రాస్తుంటే తట్టింది. సొంతంగా వాక్యం రాయలేని పిల్లలు కూడా సరైన జవాబుకు నంబరు వేయగలరు. ఆయనతో ఇన్నాళ్ళూ వ్యాసరూప ప్రశ్నలు అడుగుతున్నాను, తప్పు నాదే.

మంచం పక్కన కూర్చుని నెమ్మదిగా చెప్పాను. "వినండి. వన్: ఆపరేషన్ వద్దు, మందులతో గడుపుదాం. టూ: ఆపరేషన్ చేయించుకుంటాను. మీ జవాబు వన్నా, టూనా?"

నా కళ్ళలోకి చూసి "టూ" అన్నారు.

గుండె మీంచి బరువు దిగింది. ఫోన్లో వీడియో తీశాను కనక హెలెన్‌కి పంపాను. నేను వన్ అనకముందే ఒకసారి టూ అన్నారు, మధ్యలో ఇంకోసారి అన్నారు. వీడియో పొడవవుతుందని ఆ ముక్కలు కత్తిరించాను.

"నాన్న అంటే సరే అమ్మా" అని రాసింది హెలెన్. పక్కన ఏడుపు బొమ్మ పెట్టింది.

వద్దు అన్నదాన్ని వన్‌గా, చేయించుకోవడాన్ని టూగా ఎందుకు పెట్టానంటే, వరస అదే కదా. ఎవరు రాసినా అలాగే రాస్తారు.

జూలై 19, శుక్రవారం

పొద్దున మళ్ళీ అడిగాను. టూ. స్కూల్ నుంచి వచ్చాక అడిగాను. టూ. గట్టి నిర్ణయం ఉంటే గాని మనిషి ఇలా ఒకే మాట మీద ఉండడు.

జూలై 20, శనివారం

దుర్గాశ్రీకి చెప్పాను. మెచ్చుకుంటుందనుకున్నాను. ఆ పిల్ల కార్డులు సర్దుకుంటూ ఆగిపోయింది.

"మేడం, ఆయనకు వద్దని ఉంటే వన్ అనగలరంటారా?"

కాఫీ తెస్తానని లేచాను.

"ఒకసారి మార్చి అడగండి మేడం. వన్ అంటే చేయించుకోవడం, టూ అంటే వద్దు అని. అప్పుడేమంటారో చూద్దాం."

"తర్వాత అడుగుతాలే," అన్నాను. కాఫీ ఇస్తే తాగకుండా వెళ్ళింది.

చిన్నపిల్ల. పెళ్ళి కాలేదు. పక్క మనిషి ఊపిరి ఆగిందేమోనని చెయ్యి పెట్టి చూసుకోవడం ఏంటో దానికేం తెలుసు.

మార్చి అడగలేదు. ఒకసారి జవాబులు రాసేశాక పిల్లలకైనా ప్రశ్నపత్రం మార్చం.

జూలై 22, సోమవారం

సంతకం పెట్టాను. గురువారం చేస్తారు.

జూలై 23, మంగళవారం

అడగలేదు. మార్చి అడిగినా టూనే అంటారు. అనరని కాదు. అంటారనే.

జూలై 24, బుధవారం

ఆస్పత్రిలో చేర్చాం. వచ్చేటప్పుడు వంతెన కింద గోదారి ఎర్రగా, నిండుగా ఉంది. కారు అద్దంలోంచి దాన్ని చూస్తూ ఆయన మాట్లాడారు. అన్నీ టూలే, కానీ మాట్లాడారు. గొంతు ఎత్తారు, దించారు, ఒకచోట ఆగి గుర్తు తెచ్చుకుని మళ్ళీ అందుకున్నారు. వంతెన దాటేదాకా చెప్పి, నా వైపు తిరిగి జవాబు కోసం ఆగారు.

"అవునండీ," అన్నాను.

దేనికి అవునన్నానో నాకు తెలియదు. ఆయన మాత్రం తృప్తిగా వెనక్కి వాలారు.

జూలై 25, గురువారం. థియేటర్ బయట.

బల్ల మీద కూర్చుని రాస్తున్నాను.

వార్డు కుర్రాళ్ళు వచ్చి మంచం మీంచి స్ట్రెచర్ మీదికి మార్చారు. "వన్, టూ, త్రీ" అని ఎత్తారు. ఆ మాటకు ఆయన భుజాలు బిగుసుకున్నాయి. థియేటర్ తలుపు దాకా నేను పక్కనే నడిచాను. "ఇక మీరు ఆగాలమ్మా," అంది నర్సు.

అప్పుడు ఎడమచేత్తో నా మణికట్టు పట్టుకున్నారు. ఏదో అనబోయారు. రాలేదు. మళ్ళీ ప్రయత్నించారు. మెడ నరాలు ఉబ్బాయి. కింది పెదవి పళ్ళ కిందికి తెచ్చుకున్నారు, చూస్తుంటే నాకే నొప్పి పుట్టింది.

"వన్" అన్నారు.

ట నాలుక మడిస్తే పలుకుతుంది. వ పలకాలంటే పళ్ళూ పెదవీ కలవాలి. ఇది నేను ఏటేటా చెప్పే పాఠం. ఒకదానికి ఒకటి వినడానికి వీల్లేదు.

కుర్రాళ్ళు వన్ అన్నారు కనక అందుకుని అన్నారేమో. రోజూ చేయించిన లెక్క ఇప్పుడు నోటికి వచ్చిందేమో. వన్ వస్తే త్రీ వస్తుందంది కదా దుర్గాశ్రీ. కొత్త మాట వచ్చింది, సంతోషించాలి. ఆయన మాత్రం నా కళ్ళలోకే చూస్తున్నారు, పోయిన గురువారం వన్నా, టూనా అని అడిగినప్పుడు చూసినట్టే.

మణికట్టు మీంచి ఆయన వేళ్ళు తీసింది నర్సు కాదు. నేనే తీశాను. తలుపులు మూసుకున్నాయి. వాటికి గుండ్రటి అద్దాలున్నాయి, తట్టవచ్చు. ఆపండి అనవచ్చు. అనలేదు.

వెనక నుంచి సత్తిరాజు వచ్చాడు. "ఏమన్నాడు వదినా అన్నయ్య?"

"టూ అన్నారు," అన్నాను.

"ఎప్పుడూ అనేదేగా," అని వాడు టీ తేవడానికి కిందికి వెళ్ళాడు.